ఆయాసాల మలుపు గోడ

పొద్దున్నే దయాకర్ మెట్లెక్కి వచ్చేసరికి గోడ మీద మళ్లీ అదే చెయ్యి.

నిన్న సాయంత్రం దాకా నిగనిగలాడిన నీలం రంగు మీద, సరిగ్గా మనిషి రొమ్ము ఎత్తున, ఐదు వేళ్లూ విప్పి అద్దిన జిడ్డు చెయ్యి. దాని పక్కన ఇంకోటి. ఇంకాస్త పక్కన వీపంత వెడల్పు చెమట మరక, దాని పైన కొబ్బరినూనె తల ఆనించిన గుండ్రటి మచ్చ.

"ఎవడ్రా వీడు!" అని అరిచాడు దయాకర్. మెట్ల మీద మనిషన్నవాడు లేడు. ఒక కోడి మాత్రం తల పక్కకు తిప్పి చూసి, తన పని తాను చూసుకుంది.

మూడు వారాలుగా ఇదే తంతు. అతను గోడ మీది బొమ్మ దిద్దుతాడు, తెల్లారేసరికి చేతులు పడతాయి. మళ్లీ దిద్దుతాడు, మళ్లీ పడతాయి. ఇలాగైతే ఆదివారానికి గోడ తయారయ్యేదెప్పుడు, మాస్టారు చూసేదెప్పుడు?

బెజవాడలో బట్టీలకొండ పేరు చెబితే ఒకప్పుడు జనం మొహం చిట్లించేవారు. కొండవాలున ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న ఇళ్లు, వాటి మధ్య నుంచి నూట నలభై రెండు రాతిమెట్లు. ఆటోవాళ్లు కిందే దింపేసి "ఇక్కణ్ణుంచి మీ కాళ్లే మీకు ఆటో" అని చక్కాపోయేవారు. అక్కడి కుర్రకారు అడ్రసు చెప్పాల్సి వస్తే కింద వీధి పేరు చెప్పి ఊరుకునేవాళ్లు.

అలాంటి కొండకు రంగులు వేయిద్దామని పేటవాళ్లే పూనుకున్నారు. ఒక సేవాసంఘం రంగు డబ్బాలిచ్చింది, మున్సిపాలిటీ సరేనంది, పని కాలేషా మాస్టారి పెయింటింగ్ షాపుకి వచ్చింది. రెండు నెలల్లో పదకొండు గోడలు పూర్తయ్యాయి. నిజం చెప్పొద్దూ, పేట కళే మారిపోయింది. జన్మలో కొండెక్కని వాళ్లు ఫోన్లు పట్టుకుని ఎక్కసాగారు. నలభయ్యో మెట్టు దగ్గర ఒకామె టీ కొట్టు పెట్టింది. ఇప్పుడు అడ్రసు అడిగితే "చిలకల గోడ పక్కిల్లు" అని దర్జాగా చెబుతున్నారు.

ఇక మిగిలింది పన్నెండోది, అన్నింట్లోకీ పెద్దది. డెబ్భై నాలుగో మెట్టు దగ్గర దారి ఎడమకు తిరుగుతుంది. ఆ తిరిగేచోట, ఎదురుగా నిలబడి ఉంటుంది ఆ గోడ. పేటవాళ్లు ఆ చోటును ఆయాసాల మలుపు అంటారు. దయాకర్ ఆ మాట వచ్చిన మొదటిరోజే విన్నాడు. పేరు బాగుందే అనుకున్నాడు. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

కాలేషా మాస్టారికి డెబ్భై దాటాయి. కొట్ల బోర్డులతో మొదలుపెట్టి గోడల బొమ్మలతో పేరు తెచ్చుకున్న మనిషి. మాట బహు తక్కువ. ఆయన దగ్గర ఒక కట్టుబాటుంది. శిష్యుల్లో ఎవరు ఏ బొమ్మ వేసినా మూలన 'కాలేషా' అనే రాయాలి. ఎవరి పేరు వాళ్లు రాసుకోవాలంటే, మాస్టారు వచ్చి గోడ చూసి, చొక్కా జేబులోంచి ఎర్రదారం చుట్టిన సన్నటి బ్రష్షు తీసివ్వాలి. దానితో సంతకం పెట్టి, బ్రష్షు మళ్లీ ఆయన చేతికిచ్చెయ్యాలి.

ఇవ్వకపోతే? ఇవ్వరు, అంతే. ఎందుకివ్వలేదో చెప్పరు. "ఇంకో గోడ చూద్దాంలే" అంటారు. ముప్పై ఏళ్లలో ఆ బ్రష్షు అందుకున్నవాళ్లు ముగ్గురు.

దయాకర్ తొమ్మిదేళ్లుగా దాని కోసం చూస్తున్నాడు. "ఆ మలుపు గోడ నువ్వు చెయ్యి. అయ్యాక వచ్చి చూస్తా" అని మాస్టారు అన్న రోజు నుంచి అతను కుదురుగా అన్నం తిన్నది లేదు. ఆదివారం పొద్దున పదింటికి ప్రారంభం. ఊళ్లో పెద్దలంతా వస్తారు. అప్పటికి ఆ గోడ కుడి మూలన తన పేరుండాలి. దాని కోసం అరచెయ్యంత జాగా ముందే ఖాళీగా వదిలిపెట్టుకున్నాడు కూడా.

బొమ్మ సంగతి చెప్పాలంటే, కుర్రాడి చెయ్యి మంచిదే. కింద నిండుగా కృష్ణ. ఒడ్డు నుంచి కొండ మీదికి మెట్లు, మెట్ల మీద బిందెలెత్తుకుని ఎక్కుతున్న ఆడవాళ్లు, వాళ్ల పైన కొంగల బారు. అందరికంటే ముందు ఒక ఎర్రచీర పిల్ల. నడుం నిటారు, నెత్తిన బిందె, పళ్లు తళుక్కుమనేలా నవ్వు. ఆ నవ్వు కుదరడానికి నాలుగు రోజులు పట్టింది.

అలాంటి గోడ మీద జిడ్డు చేతులు! ఎవరికైనా ఒళ్లు మండదూ?

మొదట బోర్డు పెట్టాడు. 'దయచేసి గోడను తాకరాదు' అని, అక్షరాలకు నీడలు దిద్ది, తనకొచ్చిన విద్యంతా చూపించి రాశాడు. మర్నాడు బోర్డు మీద కూడా ఒక చెయ్యి పడింది. తర్వాత గోడకు అడ్డంగా తాడు కట్టాడు. తాడుంది కదా అని ఎవరో రెండు తువ్వాళ్లూ ఒక లంగావూ ఆరేశారు.

ఇలా కాదని ఒకరోజు చీకటి విచ్చకముందే వచ్చి కాపలా కూర్చున్నాడు. కొండ పైభాగానికి కొళాయి నీళ్లు ఎక్కవు. పొద్దున ఐదింటికీ సాయంత్రం నాలుగింటికీ కింద కొళాయి వస్తుంది. పైవాళ్లు అక్కడ పట్టుకుని మోసుకుపోవాలి. ఆ పొద్దున ముందుగా వచ్చింది మార్తమ్మ. అరవై దాటిన మనిషి, కొండ మీద ఆఖరి ఇల్లు ఆమెదే. చంకన నిండు బిందె. మలుపు దగ్గరికొచ్చింది, చెయ్యి చాచింది.

"ఆగమ్మా ఆగు! బోర్డు కనబడట్లేదా?"

మార్తమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "నాకు చదువు రాదయ్యా."

"గోడ ముట్టుకోవద్దని రాసుంది."

"కడుక్కున్న చెయ్యేనయ్యా," అని అరచెయ్యి తిప్పి చూపించింది. తడిగానే ఉంది పాపం.

"మీ పేట బాగుపడాలనే కదా ఈ పాట్లన్నీ! మీరే పాడుచేసుకుంటే ఎలా?"

"నిజమేలే." మార్తమ్మ బిందె చంక మార్చుకుని, రొప్పుతూనే బొమ్మకేసి చూసింది. "కళకళలాడతా ఉంది బాబూ. మా కొండేనా ఇది అనిపిస్తంది. కానీ ఆ ఎర్రచీర పిల్ల బిందెలో నీళ్లు లేవా ఏంటి?"

"ఎందుకు లేవు?"

"మరి అంతలా నవ్వతా ఎక్కతా ఉంది!"

వెనకాలే గ్యాసు బండ భుజాన వేసుకుని వస్తున్న సింహాచలం పకపకా నవ్వాడు. బండలూ బస్తాలూ మోయడమే అతని బతుకుతెరువు. దయాకర్ రంగు డబ్బాలు రోజూ మలుపు దాకా మోసుకొచ్చేదీ అతనే.

దయాకర్ చెవులు ఎర్రబడ్డాయి. బొమ్మ గురించి తనకు చెప్పేది ఈవిడా? ఆ రోజే కొండ వెనక్కి పోయి తుమ్మకంప కొట్టుకొచ్చి గోడ పొడవునా పరిచేశాడు. ఇప్పుడు ఆనుకోండి చూస్తాను అన్నాడు, ఎవరూ వినకపోయినా.

కంప పనిచేసింది. చేతులు పడటం ఆగిపోయింది. అయినా అతనికి స్థిమితం లేదు. బ్రష్షు ముంచడం, రెండు గీతలు గియ్యడం, వెనక్కి తిరిగి మెట్ల మీదికి చూడటం. కొంగ ముక్కు గియ్యబోతే వంకర పోయింది. తుడిచి గీస్తే ఇంకా వంకర పోయింది.

శుక్రవారం సాయంత్రం ఆ గొడవ జరిగింది.

మార్తమ్మ నీళ్లు పట్టుకుని మలుపు దాకా వచ్చింది. కంప ఉంది కాబట్టి ఆనుకోవడానికి లేదు. నడిమెట్టు మీదే ఒక్క క్షణం నిలబడింది. వెనక సింహాచలం నిండు బండతో ఉన్నాడు. "కదులమ్మా, బండ జారిపోతాది," అన్నాడు. ఆమె కదిలింది. ఆరేడు మెట్లు ఎక్కిందో లేదో, దబ్బుమని చప్పుడు. బిందె ఒక్కో మెట్టూ దూకుతూ కిందికొచ్చింది. దాని వెనకాలే నీళ్లు.

చెప్పడానికే సిగ్గుగా ఉంది కానీ, చెప్పాలి. దయాకర్ ఒక్క ఉదుటున లేచి, పక్కనున్న ప్లాస్టిక్ పట్టా తీసుకుని, నీళ్లు చిందకుండా గోడకు అడ్డం పట్టాడు. పట్టా పట్టుకున్నాకే మార్తమ్మ వైపు చూశాడు. అప్పటికే సింహాచలం బండ దించి ఆమెను లేవదీస్తున్నాడు. మోకాలు కొట్టుకుపోయి నెత్తురు కారుతోంది.

సింహాచలం పట్టాను చూశాడు. దయాకర్‌ను చూశాడు.

"గోడకేటీ అవ్వనేదు కదా బాబూ?" అన్నాడు.

వెటకారంగా అన్నా బాగుండేది. నిజంగానే అడిగాడు.

శనివారం పొద్దున దయాకర్ తుమ్మకంప తీసేశాడు. ఆఖరి పూత వెయ్యాలంటే కంప తియ్యక తప్పదు కదా, అందుకే తీస్తున్నా అని తనకు తాను చెప్పుకున్నాడు. మధ్యాహ్నానికల్లా నదికీ మనుషులకీ ఎనామిల్ పూత ముగించాడు. తెల్లారేదాకా ముట్టుకోకపోతే అద్దంలా ఆరుతుంది. కుడి మూలన అరచెయ్యంత జాగా అలాగే ఉంది.

నాలుగింటికి మాస్టారు వచ్చారని కబురొచ్చింది. రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరుగెత్తాడు.

కాలేషా మాస్టారు కొళాయి పక్కన అరుగు మీద చేతికర్ర ఆనించుకుని టీ తాగుతున్నారు. చొక్కా జేబులోంచి ఎర్రదారం కనబడుతోంది. దయాకర్ చూపు ముందు దాని మీదే పడింది. తర్వాత దండం పెట్టాడు.

"రండి మాస్టారూ, వెలుతురు ఉండగానే చూద్దురుగాని."

"కూర్చోరా."

కూర్చుంటేనా! నిలబడే మొదలుపెట్టాడు. "నాలుగుసార్లు దిద్దాను మాస్టారూ ఆ నదిని. బోర్డు పెడితే లెక్కలేదు, తాడు కడితే లంగాలారేశారు. మనం చచ్చీచెడీ వేస్తుంటే వీళ్లకు వీసమెత్తు గౌరవం లేదు. పైగా ఒకావిడ ఏమందో తెలుసా? నా బొమ్మలో పిల్ల బిందెలో నీళ్లు లేవట!"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు.

"ఉన్నాయా?" అన్నారు.

"బొమ్మ బిందెలో నీళ్లేంటి మాస్టారూ!"

ఆయన టీ గ్లాసు పక్కకు జరిపారు. కొళాయి వైపు చూస్తున్నారు. అక్కడ మార్తమ్మ మోకాలికి గుడ్డ కట్టుకుని, నిండిన బిందెను చంకకెత్తుకోవాలని చూస్తోంది. ఒకసారి ఎత్తింది, దించింది. మళ్లీ వంగింది.

"ఇల్లెక్కడమ్మా?" అని అడిగారు మాస్టారు.

"పైనేనయ్యా. ఆఖరిది."

మాస్టారు దయాకర్ వైపు తిరిగారు. "ఎత్తుకోరా."

"నేనా?"

"పోనీ నేనెత్తుకోనా?"

"అది కాదు మాస్టారూ, సింహాచలం ఉన్నాడు, పిలుస్తాను. మీరు ముందు గోడ..."

"గోడ దారిలోనే ఉంది కదరా," అన్నారు మాస్టారు, కర్ర అందుకుని లేస్తూ.

చేసేదేముంది. దయాకర్ బిందె ఎత్తి ఎడమ భుజాన పెట్టుకున్నాడు. ఇంతేనా, ఒక్క బిందె, అనుకున్నాడు. ఇరవై మెట్లు చకచకా ఎక్కేశాడు. పైన తడి గోడ ఒంటరిగా ఉంది. ఎవరైనా చెయ్యి వేస్తే? ఈ ఆలోచన వచ్చి ఇంకాస్త వేగం పెంచాడు. నీళ్లు తొణికి మెడ మీదుగా చొక్కాలోకి దిగాయి.

నలభయ్యో మెట్టు దగ్గర టీ కొట్టామె వింతగా చూసింది. నవ్వుదామనుకున్నాడు. మూతి వంకర పోయింది గాని నవ్వు రాలేదు.

యాభై. తొడలు మండుతున్నాయి. రెండు నెలలుగా ఈ మెట్లు రోజుకు పదిసార్లు ఎక్కి దిగాడు. ఒక్కసారైనా చేతిలో బరువుందా? గుర్తు రాలేదు. అరవై. బిందె అంచు భుజాన్ని కోసేస్తోంది. మారుద్దామంటే మెట్టు ఇరుకు, దించుదామంటే మళ్లీ ఎత్తగలనో లేదో. వెనక నుంచి మాస్టారి కర్ర చప్పుడు, మార్తమ్మ కుంటి అడుగుల చప్పుడు. వాళ్ల ముందు ఆగడమా? నామర్దా! డెబ్భై. ఇక లెక్క తప్పింది. కొలిమితిత్తిలా రొమ్ము ఎగసిపడుతోంది. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి.

మలుపు వచ్చింది.

చెయ్యి అతన్ని అడగలేదు. దానంతటదే ముందుకు పోయి గోడ మీద పడింది. వెనకాలే భుజం, భుజం వెనకాలే చెంప. కళ్లు మూసుకుపోయాయి. అబ్బ, ఎంత చల్లగా ఉంది! రెండు నెలల్లో ఆ గోడ చల్లదనం అతనికి తెలిసింది అప్పుడే. "అమ్మయ్య" అనే మాట నోట్లోంచి పైకే వచ్చింది.

ఊపిరి కాస్త కుదుటపడ్డాక ముక్కుకు ఎనామిల్ వాసన తగిలింది.

కళ్లు తెరిచాడు. నాలుగుసార్లు దిద్దిన నది నడుమ, సరిగ్గా రొమ్ము ఎత్తున, ఐదు వేళ్లూ విప్పి ఉంది అతని చెయ్యి. తీసి చూసుకుంటే మణికట్టు దాకా నీలం. భుజం ఒరిగినచోట ఎర్రచీర పిల్ల మొహం అలుక్కుపోయింది. నాలుగు రోజుల నవ్వు అతని చొక్కాకు అంటుకుంది.

బిందె మెల్లగా మెట్టు మీద దించాడు.

ఈలోపు మార్తమ్మ ఎక్కి వచ్చింది. గోడ చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో అయ్యో, బొమ్మంతా పాడైపోయిందే! రేపు పొద్దునకెట్టాగయ్యా? నా బిందె మూలాన కాదూ ఇదంతా!" ఆ మాటలంటున్నంతసేపూ రొప్పుతూనే ఉంది. గోడకు మూరెడు ఎడంగా, కుంటికాలు ఎత్తిపట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా నిలబడింది.

దయాకర్ ఆమెను చూశాడు. బోర్డును చూశాడు. నీలం చేత్తోనే బోర్డు పీకి, బోర్లా తిప్పి కింద పెట్టాడు.

"ఆనుకో పెద్దమ్మా," అన్నాడు.

"రంగు తడిగా ఉందయ్యా."

"ఉండనీ. ఆనుకో."

మార్తమ్మ గోడంతా కళ్లతో వెతికింది. బొమ్మ లేని చోటు ఒకటి దొరికింది. కుడి మూలన అరచెయ్యంత ఖాళీ. అక్కడ, బొమ్మకు ఎక్కడా తగలకుండా ఎంతో జాగ్రత్తగా అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుంది.

ఆఖరున కాలేషా మాస్టారు వచ్చారు. ఆయనకూ ఆయాసంగానే ఉంది. కర్ర మీద వాలి గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. కొంగలను చూశారు. నది నడుమ చేతిని చూశారు. తొందరేమీ పడలేదు.

మాస్టారు జేబులోంచి ఎర్రదారం బ్రష్షు తీసి అతని ముందుకు చాచారు.

"పెట్టు సంతకం."

తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన బ్రష్షు. చెయ్యి చాస్తే అందుతుంది. దయాకర్ కుడి మూల వైపు చూశాడు. మార్తమ్మ చెయ్యి ఇంకా అక్కడే ఉంది. తల తిప్పి ఎర్రచీర పిల్లను చూశాడు. నవ్వు చెరిగిపోయింది, మొహం అలుక్కుపోయింది. బిందె మాత్రం నెత్తి మీద దూదిపింజలా నిలబడి ఉంది.

చాలాసేపు చూశాడు.

"బిందెలో నీళ్లు లేవు మాస్టారూ," అన్నాడు.

"రేపు పదింటికి పెద్దవాళ్లొస్తారు కదరా?"

"అప్పటికి అవ్వదు మాస్టారూ."

కాలేషా మాస్టారు బ్రష్షును దయాకర్ చొక్కా జేబులో పెట్టారు. పెట్టి, పక్కనే గోడకు తానూ చెయ్యి ఆనించి, కాసేపు ఊపిరి తీసుకున్నారు. తర్వాత ఆ నీలం చెయ్యి కర్ర మీద వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

దయాకర్ వంగి బిందె మళ్లీ భుజానికెత్తుకున్నాడు. పైకి ఇంకా అరవై ఎనిమిది మెట్లున్నాయి.